బిటర్‌రూట్ నది రెండు ఒడ్లు: పిడుదు జ్వరాల చరిత్రలో వన్యప్రాణిపై పడిన నింద

వ్యాససంగ్రహం:

పిడుదుల ద్వారా మనుషులకు సోకే బాక్టీరియా జ్వరాల అధ్యయనంలో అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన బిటర్‌రూట్ లోయకు ప్రత్యేకస్థానం ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఆ లోయలో నదికి పడమటి ఒడ్డున ఉన్నవారికి ప్రాణాంతకమైన మచ్చల జ్వరం వచ్చేది. అవే పిడుదులు, అవే జంతువులు ఉన్న తూర్పు ఒడ్డున ఆ జ్వరం దాదాపు కనిపించేది కాదు. ఈ తేడాకు కారణం తెలియడానికి ఎనభై ఏళ్ళు పట్టింది. ఈలోగా నేల ఉడుతలు, పశువులు, ఆ తరువాత మరోచోట జింకలు దోషులుగా నిలబడ్డాయి. ఈ నింద ఎలా పుట్టింది, ఏ ఆధారాలతో సడలింది, దానికి చెల్లించిన మూల్యం ఏమిటి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం చారిత్రకక్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పిడుదు, రికెట్సియా, మచ్చల జ్వరం, బిటర్‌రూట్ లోయ, నేల ఉడుత, లైమ్ వ్యాధి, యల్లాప్రగడ సుబ్బారావు.

1. ఉపోద్ఘాతం:

పశువుల చెవుల్లోనూ, పొదుగు దగ్గరా, కుక్కల మెడ కిందా గింజలా అంటిపెట్టుకొని ఉండే పిడుదు తెలుగు పల్లెలకు కొత్తది కాదు. కొన్ని ప్రాంతాల్లో దీన్ని గోమారి అని కూడా అంటారు. రైతు దృష్టిలో అది పశువు రక్తం పీల్చే పురుగు. వైద్యచరిత్రలో దాని స్థానం ఇంతకంటే పెద్దది. ఒక జీవి మరొక జీవి నుంచి రోగాన్ని మోసుకురాగలదని ప్రయోగపూర్వకంగా రుజువైన తొలి సందర్భాల్లో పిడుదు ఉంది. అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ అనే పరిశోధకులు పశువులకు వచ్చే టెక్సాస్ జ్వరాన్ని పిడుదులే వ్యాపింపజేస్తున్నాయని 1893లో ప్రకటించారు. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుక్కొన్నది 1897లో, అంటే దీని తరువాత నాలుగేళ్ళకు.

టెక్సాస్ జ్వరానికి కారణం బాక్టీరియా కాదు, ఏకకణ పరాన్నజీవి. బాక్టీరియా విషయంలో తొలి రుజువులు ఆఫ్రికా నుంచి వచ్చాయి. తిరగబెట్టే జ్వరానికి కారణమైన మరమేకు ఆకారపు బాక్టీరియాను పిడుదులు మోస్తున్నాయని 1904, 1905 సంవత్సరాల్లో ఉగాండాలోనూ, కాంగోలోనూ పనిచేసిన వైద్యులు చూపించారు. కాంగోలో ఆ పరిశోధన చేసిన జోసెఫ్ ఎవరెట్ డటన్ 1905 ఫిబ్రవరిలో అక్కడే మరణించాడు. ఆ బాక్టీరియాకు ఆయన పేరే పెట్టారు. అడవి జంతువు, పిడుదు, బాక్టీరియా, మనిషి అనే నాలుగింటి సంబంధం పూర్తిగా చర్చకు వచ్చింది మాత్రం బిటర్‌రూట్ లోయలోనే. అందుచేత ఈ వ్యాసం ఆ లోయను కేంద్రంగా తీసుకుంటుంది.

2. పిడుదు జీవనచక్రం:

చారిత్రక చర్చ అర్థం కావాలంటే ముందుగా పిడుదు జీవనాన్ని తెలుసుకోవాలి. రాకీ పర్వత ప్రాంతపు అడవి పిడుదుకు శాస్త్రీయనామం డెర్మసెంటర్ ఆండర్సోని. గుడ్డు నుంచి వెలువడిన డింభకానికి ఆరు కాళ్ళు ఉంటాయి. అది ఎలుక, ఉడుత వంటి చిన్న జంతువు రక్తం తాగి నేలమీదికి రాలిపోతుంది. కుబుసం విడిచి ఎనిమిది కాళ్ళ శాబకమవుతుంది. శాబకం మళ్ళీ ఒక చిన్న జంతువును పట్టుకొని రక్తం తాగి, రాలి, ప్రౌఢజీవిగా మారుతుంది. ప్రౌఢదశలో దానికి పెద్ద జంతువు కావాలి. జింక, ఎల్క్, కొండమేక, ఎలుగుబంటి, ఆవు, గుర్రం, కుక్క, మనిషి ఈ దశలో దానికి దొరికే జంతువులు. రక్తం తాగిన ఆడ పిడుదు నేలమీద వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. ఈ చక్రం పూర్తికావడానికి రెండు మూడేళ్ళు పట్టవచ్చు. ఇంత జీవితంలో పిడుదు తినేది మూడు పూటలే.

ఇక్కడ రెండు పాత్రలను వేరుచేసి చూడాలి. పిడుదుకు ఆహారం మాత్రమే ఇచ్చే జంతువు ఒకటి. సూక్ష్మజీవిని తన రక్తంలో పెంచి, తనను కుట్టిన కొత్త పిడుదులకు దాన్ని అందించగలిగే జంతువు మరొకటి. రెండోదాన్ని ఈ వ్యాసంలో ఆశ్రయజీవి అని వ్యవహరించడం జరుగుతుంది. ఒక జంతువు మీద పిడుదులు కనిపించినంత మాత్రాన అది ఆశ్రయజీవి కాదు. తరువాతి కాలంలో జరిగిన పొరపాట్లలో చాలాభాగం ఈ రెండు పాత్రలను ఒకటిగా భావించడం వల్లనే జరిగాయి.

3. పడమటి ఒడ్డు జ్వరం:

బిటర్‌రూట్ నది దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రవహించి మిజూలా పట్టణం వైపు సాగుతుంది. దానికి పడమట బిటర్‌రూట్ పర్వతశ్రేణి, తూర్పున శఫైర్ పర్వతాలు ఉన్నాయి. ఇది సాలిష్ జాతివారి స్వస్థలం. వారిలో చివరిగా మిగిలినవారిని 1891లో వారి నాయకుడు చార్లోతో సహా ఉత్తరాన ఉన్న ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్‌కు తరలించారు. ఆ తరువాత వలసదారుల వ్యవసాయం, గనులకోసం కలప నరకడం, ఆపిల్ తోటల పెంపకం లోయలో వేగంగా పెరిగాయి. అడవి అంచులో పనిచేసేవారి సంఖ్య పెరిగింది. మచ్చల జ్వరం పేరు బయటికి వచ్చింది ఈ కాలంలోనే.

వసంతంలో మంచు కరిగే రోజుల్లో జ్వరం మొదలయ్యేది. తీవ్రమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు వచ్చి, కొన్ని రోజులకు మణికట్టు దగ్గరా, చీలమండల దగ్గరా ఎర్రని మచ్చలు లేచి ఒళ్ళంతా పాకేవి. ముదిరిన రోగుల్లో మచ్చలు నల్లబడేవి. అందువల్ల జనం దీన్ని నల్ల తట్టు అని కూడా పిలిచేవారు. పొరుగున ఉన్న ఐడహో రాష్ట్రంలో ఇదే జ్వరాన్ని మార్షల్ వుడ్ 1896లోనూ, ఎడ్వర్డ్ మాక్సీ 1899లోనూ వైద్యలోకం దృష్టికి తెచ్చారు. ఐడహోలో ఈ జ్వరం వచ్చినవారిలో నూటికి ఐదుగురు మరణిస్తే, బిటర్‌రూట్‌లో ప్రతి ముగ్గురిలో ఇద్దరికంటే ఎక్కువమంది మరణించేవారు.

జ్వరం నదికి పడమటి వైపే వస్తున్నదని అక్కడి రైతులకు, కలప కూలీలకు వైద్యులకంటే ముందే తెలుసు. పడమటి కనుమల్లోంచి దిగే మంచునీళ్ళు తాగడం వల్ల జ్వరం వస్తుందని చాలామంది నమ్మేవారు. ఆ నమ్మకం పొరపాటే. దాని వెనక ఉన్న పరిశీలన మాత్రం సరైనది. జ్వరానికి ఒక రుతువు ఉంది, ఒక ఒడ్డు ఉంది. తరువాతి పరిశోధకులందరూ జవాబు చెప్పవలసివచ్చిన ప్రశ్న ఇదే.

1902లో మోంటానా రాష్ట్రప్రభుత్వం ఆహ్వానంపై మిన్నెసోటా నుంచి వచ్చిన లూయీ విల్సన్, విలియం చౌనింగ్ ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. నేల ఉడుతల రక్తంలో ఒక ఏకకణ పరాన్నజీవి ఉందనీ, పిడుదు దాన్ని మనిషికి చేరుస్తుందనీ వారి వాదం. టెక్సాస్ జ్వరం నమూనా వారి ఆలోచనపై పనిచేసినట్లు స్పష్టంగా కనిపిస్తుంది. 1904లో చార్లెస్ స్టైల్స్ పరీక్షించి వారు చెప్పిన పరాన్నజీవి లేనేలేదని తేల్చాడు. ఆ తిరస్కరణతో పిడుదు మీద అనుమానం కూడా కొంతకాలం పక్కకు పోయింది. నేల ఉడుత మీద వేసిన ముద్ర మాత్రం జనం మనసులో ఉండిపోయింది.

4. రికెట్స్ ప్రయోగాలు:

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన హోవర్డ్ టేలర్ రికెట్స్ 1906 వసంతంలో మిజూలాకు వచ్చాడు. ఆయన పద్ధతి సరళమైనది. రోగి రక్తాన్ని గినీ పందికి ఎక్కించి ఆ జంతువులో జ్వరం వస్తుందని చూపించాడు. జ్వరపడిన గినీ పందిమీద పిడుదును వదిలి రక్తం తాగనిచ్చి, అదే పిడుదును ఆరోగ్యంగా ఉన్న మరో గినీ పందిమీదికి మార్చాడు. రెండోదానికీ జ్వరం వచ్చింది. అదే సంవత్సరం ప్రజారోగ్యశాఖకు చెందిన డబ్ల్యు. డబ్ల్యు. కింగ్ కూడా విడిగా ఇదే ఫలితాన్ని సాధించాడు. దీనితో పిడుదు పాత్ర నిర్వివాదమైంది.

రికెట్స్ అక్కడితో ఆగలేదు. లోయలో సహజంగానే సోకిన పిడుదులు ఉన్నాయని చూపించాడు. సోకిన ఆడ పిడుదు గుడ్ల ద్వారా తరువాతి తరానికి రోగం చేరుతుందని కనుక్కొన్నాడు. నేల ఉడుత వంటి స్థానిక జంతువులకు ప్రయోగశాలలో ఈ జ్వరం సోకుతుందని తెలుసుకున్నాడు. 1909లో పిడుదు గుడ్లలోనూ, రోగుల రక్తంలోనూ అతిసూక్ష్మమైన కడ్డీలాంటి రూపాలను చూశాడు. వాటిని ప్రయోగశాలలో సాధారణ బాక్టీరియా పెరిగే మాధ్యమాలపై పెంచడం సాధ్యం కాలేదు. అవి జీవకణాల లోపల మాత్రమే పెరిగే బాక్టీరియా అన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ తరువాత ఆయన టైఫస్ జ్వరాన్ని పరిశీలించడానికి మెక్సికో నగరానికి వెళ్ళి, అదే జ్వరం సోకి 1910 మే 3న మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 39. 1916లో హెన్రిక్ ద రోచా లిమా టైఫస్ సూక్ష్మజీవికి పేరు పెడుతూ రికెట్స్ స్మృతిగా రికెట్సియా అన్న జాతినామాన్ని సృష్టించాడు. మచ్చల జ్వరపు సూక్ష్మజీవి రక్తనాళాల లోపలి పొర కణాల్లో పెరుగుతుందని 1919లో బర్ట్ వోల్బాక్ చూపించాడు. ఒంటిమీద మచ్చలు ఎందుకు వస్తాయో దానితో తెలిసింది. సూక్ష్మజీవి దెబ్బతీసిన సన్నని రక్తనాళాల నుంచి రక్తం కారడమే ఆ మచ్చలు. ఈ సూక్ష్మజీవికి నేడు వాడుకలో ఉన్న పేరు రికెట్సియా రికెట్సియై.

5. ఉడుతలపైన, పిడుదులపైన పోరు:

కారణం తెలిసిన వెంటనే నిర్మూలన ఆలోచన వచ్చింది. ప్రౌఢ పిడుదులు పశువులమీద పెరుగుతున్నాయి కాబట్టి పశువులను ఆర్సెనిక్ కలిపిన మందునీటి తొట్లలో ముంచాలి. డింభకాలు, శాబకాలు నేల ఉడుతలమీద బతుకుతున్నాయి కాబట్టి ఉడుతలను విషం పెట్టి చంపాలి. 1913లో ఏర్పడిన మోంటానా రాష్ట్ర కీటకశాస్త్ర మండలి, రాబర్ట్ కూలీ నాయకత్వంలో, ఈ దారిని అనుసరించింది. గొర్రెలను మేపితే వాటి ఉన్నిలో చిక్కుకొని పిడుదులు చస్తాయన్నది ప్రజారోగ్యశాఖకు చెందిన ఫ్రిక్స్ వాదం. సంస్థల మధ్య ఈ భేదం చాలాకాలం నడిచింది.

రైతుల వైపు నుంచి ఎదురైన ప్రతిఘటనను అజ్ఞానంగా కొట్టివేయడానికి వీలులేదు. మందునీరు పశువుల చర్మానికి హాని చేస్తున్నదని వారి ఫిర్యాదు. ఖర్చూ శ్రమా వారివి, ఫలితం అనిశ్చితం. కొందరు తొట్లను ధ్వంసం చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆపిల్ తోటల స్థలాలు అమ్మే వ్యాపారులకు జ్వరం గురించిన ప్రచారమే ఇష్టం లేదు.

ఇక్కడ గమనించవలసిన చారిత్రక విషయం ఒకటి ఉంది. నేల ఉడుతకు ప్రయోగశాలలో జ్వరం సోకుతుందని రికెట్స్ చూపించాడు. అడవిలో తిరిగే ఏ జంతువు శరీరం నుంచీ అప్పటివరకూ ఆ సూక్ష్మజీవిని ఎవరూ వేరుచేయలేదు. అమెరికాలో సహజంగా సోకిన అడవి క్షీరదం నుంచి దాన్ని తొలిసారి వేరుచేసింది 1954లో, అదీ మోంటానాకు చాలా దూరాన ఉన్న వర్జీనియాలో పచ్చికబయళ్ళ ఎలుక నుంచి. పడమటి మోంటానాలోని చిన్న జంతువుల నుంచి వేరుచేసిన ఫలితాలు 1962లో వెలువడ్డాయి. అంటే ఉడుతలమీద యుద్ధం మొదలైన తరువాత నలభై ఏళ్ళకు గాని నేరారోపణకు తగిన సాక్ష్యం దొరకలేదు. దొరికిన సాక్ష్యం కూడా ఒక్క ఉడుతకే పరిమితం కాలేదు. అనేక చిన్న జంతువులు కొద్దిరోజులపాటు సూక్ష్మజీవిని రక్తంలో ఉంచుకొంటాయని తేలింది.

6. ప్రయోగశాల, ప్రాణత్యాగం, టీకా:

నిర్మూలన పనుల్లో పాల్గొన్న వైద్యుడు థామస్ మెక్‌క్లింటిక్ 1912 ఆగస్టులో మచ్చల జ్వరంతోనే మరణించాడు. 1921లో రాల్ఫ్ పార్కర్, రోస్కో స్పెన్సర్ హామిల్టన్ పట్టణం దగ్గర వాడకంలో లేని ఒక బడి భవనంలో పరిశోధన మొదలుపెట్టారు. ఆ బడిలో పనిచేసిన విలియం గెటింగర్ 1922లో, జార్జ్ కోవన్ 1924లో, ఆల్బర్ట్ లెరాయ్ కెర్లీ 1928లో జ్వరానికి బలైపోయారు. చరిత్రగ్రంథాల్లో రికెట్స్ పేరు ముందు ఉంటుంది. పిడుదులను పెంచి, ఏరి, లెక్కపెట్టిన ఈ సహాయకుల పేర్లు అరుదుగా వినిపిస్తాయి.

స్పెన్సర్, పార్కర్ గమనించిన ఒక విషయం ముఖ్యమైనది. శీతకాలం గడిపి ఆకలితో ఉన్న పిడుదు శరీరంలోని సూక్ష్మజీవి నిద్రాణంగా ఉంటుంది. పిడుదు కొంత రక్తం తాగిన తరువాతే దానికి మళ్ళీ రోగం కలిగించే శక్తి వస్తుంది. ఒంటికి పట్టిన పిడుదును త్వరగా తీసివేస్తే ప్రమాదం తగ్గుతుందన్న సలహాకు ఆధారం ఇదే. సోకిన పిడుదులకు రక్తం తాగించి, వాటిని నూరి, కార్బాలిక్ ఆమ్లంతో సూక్ష్మజీవిని నిర్వీర్యం చేసి వారు టీకా తయారుచేశారు. 1924 మే నెలలో స్పెన్సర్ దాన్ని మొదట తన శరీరంలోకే ఎక్కించుకొన్నాడు. ఈ టీకా రోగాన్ని పూర్తిగా ఆపలేకపోయినా తీవ్రతను తగ్గించింది. 1938లో హెరాల్డ్ కాక్స్ కోడిగుడ్డు పచ్చసొన సంచిలో రికెట్సియాలను పెంచే పద్ధతిని కనుక్కొన్న తరువాత పిడుదులను నూరే అవసరం తప్పింది.

టీకాకోసం పెద్ద సంఖ్యలో పిడుదులను పెంచవలసి రావడంతో 1928లో హామిల్టన్‌లో కొత్త ప్రయోగశాల కట్టారు. ఊరిపక్కన సోకిన పిడుదులను పెంచడాన్ని అక్కడివారు న్యాయస్థానంలో సవాలు చేశారు. పిడుదులు నీటిని దాటలేవన్న నమ్మకం కలిగించడానికి భవనం చుట్టూ చిన్న నీటి కందకం తవ్వారు. ఆ కందకం శాస్త్రీయంగా ఎంత అవసరమో చెప్పలేం గాని, పక్కనున్న ప్రజలకు హామీ ఇవ్వకుండా ప్రజారోగ్య పరిశోధన సాగదన్న పాఠం అందులో ఉంది. 1930ల మొదట్లో ఆ సంస్థ కేంద్రప్రభుత్వ ప్రజారోగ్యశాఖ చేతికి వచ్చింది. తరువాత దానికి రాకీ మౌంటెన్ లాబొరేటరీ అన్న పేరు స్థిరపడింది.

7. పిడుదులో మరికొన్ని బాక్టీరియాలు:

ఒక రోగంకోసం పిడుదులను పరీక్షించడం మొదలుపెట్టాక వాటిలో మరికొన్ని బాక్టీరియాలు బయటపడ్డాయి. కాలిఫోర్నియాలోని టులారీ ప్రాంతపు నేల ఉడుతల్లో ప్లేగును పోలిన ఒక వ్యాధిని జార్జ్ మెక్‌కాయ్ 1911లో వర్ణించాడు. మనుషులకు సోకే ఆ వ్యాధికి ఎడ్వర్డ్ ఫ్రాన్సిస్ ఆ ఊరి పేరుమీదనే టులరీమియా అని నామకరణం చేశాడు. 1924లో బిటర్‌రూట్ పిడుదుల్లోనూ ఆ బాక్టీరియా దొరికింది. కుందేళ్ళు ఈ రోగంతో మరణిస్తాయి. ఇక్కడ అడవి జంతువు రోగాన్ని పంచేది మాత్రమే కాదు, ముందుగా బలయ్యేది కూడా.

1935లో మోంటానాలోని నైన్‌మైల్ ప్రాంతపు పిడుదుల నుంచి గోర్డన్ డేవిస్ ఒక కొత్త సూక్ష్మజీవిని కనుక్కొన్నాడు. అదే కాలంలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పశువధశాల కార్మికులకు వచ్చిన అంతుపట్టని జ్వరాన్ని ఎడ్వర్డ్ డెరిక్ పరిశీలిస్తున్నాడు. దానికి ఆయన క్యూ జ్వరం అని పేరు పెట్టాడు. మహాసముద్రానికి ఇరువైపులా దొరికిన ఆ రెండూ ఒకే సూక్ష్మజీవి అని త్వరలోనే తేలింది. కాక్స్, ఫ్రాంక్ బర్నెట్‌ల పేర్లు కలిపి దాన్ని కాక్సియెల్లా బర్నెటై అన్నారు. కార్మికులకు అది పశువుల శరీరద్రవాల ద్వారా, ధూళి ద్వారా సోకుతుంది, పిడుదు కాటు అవసరం లేదు. పిడుదులో దొరికిన ప్రతి సూక్ష్మజీవీ పిడుదు ద్వారానే మనిషిని చేరుతుందన్న నియమం లేదని దీనివల్ల తెలిసింది.

8. తూర్పు ఒడ్డు రహస్యం:

ఇన్ని ఆవిష్కరణల తరువాత కూడా తొలిప్రశ్న అలాగే ఉండిపోయింది. తూర్పు ఒడ్డున పిడుదులున్నాయి, ఉడుతలున్నాయి, పశువులున్నాయి. జ్వరం ఎందుకు లేదు? పిడుదే కారణమైతే రెండు ఒడ్లకూ రావాలి. ఉడుతే కారణమైనా రావాలి.

జవాబు దొరికింది పిడుదు అండాశయంలో. స్విట్జర్లండ్‌లో చదువుకొని 1951లో హామిల్టన్ ప్రయోగశాలకు వచ్చిన విల్లీ బర్గ్‌డార్ఫర్, తన సహచరులతో కలిసి తూర్పు ఒడ్డు పిడుదులను పరీక్షించాడు. వాటిలో చాలావాటి అండాశయాల్లో రోగం కలిగించని మరో రికెట్సియా ఉన్నట్లు 1981లో వెల్లడించాడు. దాన్ని మొదట తూర్పు ఒడ్డు కారకం అని పిలిచారు. 1997లో దానికి రికెట్సియా పీకాకై అన్న పేరు స్థిరపడింది. ఆడ పిడుదు అండాశయంలో ఈ నిరపాయకరమైన రికెట్సియా ముందే తిష్ఠవేసి ఉంటే, ప్రాణాంతకమైన రికెట్సియా గుడ్లలోకి చేరలేదు. అందువల్ల తూర్పు ఒడ్డున రోగం తరం నుంచి తరానికి సాగడానికి దారి మూసుకుపోయింది.

1999లో అదే ప్రయోగశాల నుంచి వెలువడిన మరో ఫలితం ఈ చిత్రాన్ని పూరించింది. ప్రాణాంతక రికెట్సియా తాను ఆశ్రయించిన పిడుదులను కూడా చంపుతుంది. కాబట్టి గుడ్ల ద్వారా మాత్రమే అది నిరంతరం నిలవలేదు. అప్పుడప్పుడూ చిన్న జంతువుల రక్తంలో పెరిగి కొత్త పిడుదులను చేరవలసిందే. అడవి జంతువుకు పాత్ర ఉందన్న విల్సన్, చౌనింగ్‌ల ఊహ ఈ మేరకు నిజమైంది. అయితే తూర్పు ఒడ్డు ప్రజలను కాపాడినది ఉడుతల నిర్మూలన కాదు, మందునీటి తొట్టి కాదు. పిడుదులోనే నివసిస్తున్న మరో బాక్టీరియా వారిని కాపాడింది. పిడుదులో ఉన్న బాక్టీరియాలన్నీ మనిషికి శత్రువులన్న భావన ఇక్కడ సవరణకు లోనైంది.

9. జింకపై పడిన నింద:

అదే 1981లో బర్గ్‌డార్ఫర్‌కు మరో ఆవిష్కరణ ఎదురైంది. ఖండానికి తూర్పుకొనలో ఉన్న కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ పట్టణ ప్రాంతంలో చాలామంది పిల్లలకు కీళ్ళవాపు వస్తున్నదని 1975లో పాలీ మర్రే, జూడిత్ మెన్ష్ అనే ఇద్దరు తల్లులు ఆరోగ్యశాఖ దృష్టికి తెచ్చారు. వారి పట్టుదల లేకపోతే ఆ రోగం మరికొంతకాలం మామూలు కీళ్ళజబ్బుగానే చలామణి అయ్యేది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలెన్ స్టీర్ బృందం 1977లో దాన్ని లైమ్ ఆర్థ్రైటిస్‌గా వర్ణించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని షెల్టర్ ద్వీపం నుంచి వచ్చిన నల్లకాళ్ళ పిడుదులను రికెట్సియాల కోసం కోసి చూస్తున్న బర్గ్‌డార్ఫర్‌కు సగానికి పైగా పిడుదుల పేగుల్లో మరమేకు ఆకారపు బాక్టీరియా కనిపించింది. యౌవనంలో ఆయన స్విట్జర్లండ్‌లో చేసిన పరిశోధన డటన్ పేరు మోస్తున్న తిరగబెట్టే జ్వరపు బాక్టీరియాపైనే. అందుచేత చూసినదాన్ని గుర్తుపట్టగలిగాడు. ఆ బాక్టీరియాకు 1984లో బొరీలియా బర్గ్‌డార్ఫరై అని పేరు పెట్టారు.

ప్రౌఢ పిడుదులు జింకలమీద కనిపించడంతో ఈసారి నింద జింకపై పడింది. పిడుదుకు జింక పిడుదు అన్న పేరే వచ్చింది. పరిశోధన మరోలా చెప్పింది. బొరీలియాను నిలవ ఉంచి పిడుదులకు పంచే ముఖ్యమైన ఆశ్రయజీవి తెల్లకాళ్ళ ఎలుక అని 1985లో తేలింది. జింక పిడుదులను పోషిస్తుంది గాని బొరీలియాను వాటికి అందించలేదు. పిడుదుల సంఖ్య పెరగడంలో జింకకు బాధ్యత ఉంది, పిడుదుకు రోగం అంటించడంలో లేదు. కాలిఫోర్నియాలో ఒక జాతి బల్లి రక్తం పిడుదులోని బొరీలియాను నశింపజేస్తుందని 1998లో కనుక్కొన్నారు. ఏ జంతువు ఎంతమేరకు కారణమన్నది ఆ చోట మిగిలిన జంతువులు ఏవన్న దానిపై ఆధారపడుతుంది. పొలాలు విడిచిన చోట అడవి మళ్ళీ పెరగడం, ఆ అడవిని ముక్కలు చేస్తూ ఇళ్ళు కట్టడం, వేటాడే మృగాలు కనుమరుగవడం ఎలుకనూ జింకనూ పిడుదునూ మనిషి పెరట్లోకి తెచ్చాయి.

10. చికిత్సలో తెలుగు సంబంధం:

ఈ చరిత్రకు తెలుగునేలతో ఒక నిజమైన అనుబంధం ఉంది. రికెట్సియాలపై పెన్సిలిన్ పనిచేయదు. 1940ల మధ్యవరకూ మచ్చల జ్వరానికి నమ్మదగిన మందు లేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు మట్టి నమూనాల నుంచి కొత్త ఔషధాలను వెతికే పని చేపట్టారు. ఆ కృషిలో భాగంగా బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనుక్కొన్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఇదే. 1948లో దాన్ని ప్రకటించిన సంవత్సరంలోనే మచ్చల జ్వరపు రోగులపై వాడి మంచి ఫలితం సాధించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. నేడు మచ్చల జ్వరానికి మొదట ఇచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానికి చెందినదే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆసుపత్రుల్లో నేడు గుర్తిస్తున్న స్క్రబ్ టైఫస్‌కు కూడా అదే మందు వాడతారు. ఆ జ్వరాన్ని మోసేది పిడుదు కాదు, దానికి దగ్గరి బంధువైన నల్లిజాతి జీవి డింభకం. అక్కడా సూక్ష్మజీవి జీవకణాల లోపల పెరిగేదే, అక్కడా ఎలుకలు, పొదలు, వానలు, పొలంపని కలిసిన చోటే రోగం కనిపిస్తుంది. ఈ జ్వరాల్లో ఫలితం చికిత్స ఎంత త్వరగా మొదలైందన్నదానిపై ఆధారపడుతుంది. కాబట్టి జ్వరంతో వచ్చిన రైతును, కూలీని ఎక్కడ పనిచేశావని అడగడం వైద్యంలో భాగమే. బిటర్‌రూట్ రైతులు నది ఒడ్డును చూపించి చెప్పిన మాటలోని విలువ ఇదే.

11. ముగింపు:

1. పిడుదు జ్వరాల చరిత్రలో రోగపు రుతువును, ప్రదేశాన్ని ముందుగా గుర్తించినది అక్కడ నివసించిన ప్రజలు. కారణం విషయంలో వారు పొరబడినా వారి పరిశీలన నిలిచింది.

2. నేల ఉడుత, పశువు, జింక ఒకదాని తరువాత ఒకటిగా దోషులుగా నిలబడ్డాయి. పిడుదును పోషించడం, సూక్ష్మజీవిని నిలవ ఉంచడం అనే రెండు పాత్రలను వేరుచేయకపోవడం ఈ నిందకు మూలం. సాక్ష్యం రాకముందే శిక్ష అమలైంది.

3. వన్యప్రాణులకు ఈ జ్వరాల్లో పాత్ర ఉంది. ఆ పాత్ర జంతువుకు, ప్రదేశానికి, తోడున్న ఇతర జీవులకు తగినట్లు మారుతుంది. తూర్పు ఒడ్డును కాపాడిన నిరపాయకర రికెట్సియా దీనికి బలమైన ఉదాహరణ.

4. ఈ జ్ఞానం రికెట్స్, మెక్‌క్లింటిక్ వంటి వైద్యుల ప్రాణాలతోనూ, పేరు పెద్దగా వినిపించని ప్రయోగశాల సహాయకుల ప్రాణాలతోనూ సమకూరింది.

5. అడవి అంచులో పంటలు, ఇళ్ళు, రోడ్లు విస్తరిస్తున్న నేటి భారతదేశంలోనూ కొత్త జ్వరం కనిపించిన ప్రతిసారీ మొదటి అనుమానం అడవి జంతువుమీదే పడే అవకాశం ఉంది. ఆ జంతువును చంపే ముందు దాని మీద ఉన్న పిడుదులో ఏముందో, ఆ పిడుదు ఎన్ని జంతువులను దాటి వచ్చిందో, ఆ చోటికి మనిషి ఎప్పుడు ఎందుకు వచ్చాడో పరిశీలించవలసి ఉంటుంది. బిటర్‌రూట్ లోయలో ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం దొరకడానికి ఎనభై ఏళ్ళు పట్టింది.